మామయ్య కాలేయం

మధ్యాహ్నం ప్రాక్టికల్ పరీక్ష. ఆలోపు ఎవరిదైనా ఒక పొట్ట మీద ఓసారి చేయి తిప్పుకుందామనుకుంది మెడిసిన్ చదివే మేనకోడలు. ఆ ఇంట్లో అడగ్గానే దొరికే పొట్ట మామయ్యది. ఆయన దర్జీ. రాత్రి నుంచి కడుపులో నొప్పిగా ఉందని ఆ రోజు కొట్టు తీయలేదు.

"ఎడమపక్క పట్టేసిందంతే, గ్యాసు. నువ్వు కానీ, డాక్టరమ్మా!" అంటూ చొక్కా పైకెత్తి మంచం మీద వాలాడు.

ఆయన సుద్దముక్కతోనే నాలుగు గీతలు గీసి, పొట్టని తొమ్మిది గళ్ళు చేసింది. కుడివైపు పక్కటెముకల చివర వేళ్లతో తట్టింది. కాలేయం ఉన్నచోట మొద్దు శబ్దం రావాలి. ఖాళీ డబ్బాలా మోగింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ డబ్బానే. వెంటనే కాలేజీ సీనియర్‌కి ఫోన్ చేసింది. "అక్కా, మామయ్యకి కాలేయం లేదక్కా! ఎంత వెతికినా దొరకట్లేదు!"

వంటింట్లో ఉన్న అత్తయ్య చెవిన పడింది ఆ ముక్కే.

"లేదా? అప్పట్లో హెర్నియా ఆపరేషనని చెప్పి కాలేయం పట్టుకుపోయారన్నమాట! నాకప్పుడే అనుమానం!"

పక్కింటావిడ వచ్చేసరికి ఒక కిడ్నీ కూడా పోయింది. కబురు వీధి చివరికి చేరేసరికి లోపల ఏమీ మిగల్లేదు. పరామర్శల మధ్య మామయ్యకి వాంతి అయింది, ఒళ్ళు కాలసాగింది. మేనకోడలు పరీక్ష మాట మరిచి ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

స్కానింగ్ చేసే అతను మామయ్యని ఒకసారి అటు తలపెట్టి పడుకోమన్నాడు, ఒకసారి ఇటు. చివరికి మిషనే తిరగబడిందని మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

సర్జన్ వచ్చి, తెర చూసి, పొట్ట మీది గళ్ళు చూసింది. "ఇవెవరు గీశారు?"

"నేనేనండీ. నాకు చదువు ఒంటబట్టలేదండీ. కాలేయం కుడివైపు దొరకలేదు."

"ఎలా దొరుకుతుంది? ఎడమవైపుంటేనూ! ఈయనకి పుట్టుకతోనే లోపలివన్నీ అద్దంలో చూసినట్టు అటువి ఇటు ఉన్నాయి. మిషన్ బాగానే ఉంది, నీ చెవులూ బాగానే ఉన్నాయి. ఎడమపక్క నొప్పి గ్యాసు కాదు, అపెండిక్స్. ఇంకో పూట ఇంట్లో ఉంచితే పగిలిపోయేది. ఇప్పుడే తీసేయాలి."

"తీసిందేదో నాకు చూపించాలి," అంది వెంట వచ్చిన అత్తయ్య గట్టిగా.

చూపించారు. పరీక్షని సర్జనే కాలేజీవాళ్ళతో మాట్లాడి మర్నాటికి మార్పించింది.

నెల తిరక్కుండా మామయ్య తనకో కొత్త చొక్కా కుట్టుకున్నాడు, జేబు గుండె మీదే ఉండాలని కుడివైపు పెట్టి.