మంత్రిగారి వానర సలహాదారు

కడియం నర్సరీల్లో ఇకమీదట ఒక్క కోతి కూడా ఒక్క మొక్కను తుంచబోదని నర్సరీలు, నారుమళ్ళ శాఖ మంత్రి జగన్నాథరావు గారు గులాబీ కుండీల మధ్య వేసిన వేదిక మీద నుంచి ప్రకటించారు. సరిగ్గా ఆ నిమిషానికే వేదిక వెనక ఒక కోతి ఆయనకు వేయాల్సిన గజమాలలో పావు వంతు తినేసింది. మిగిలిన ముప్పావుతోనే సన్మానం ఘనంగా జరిగింది.

"ఇందుకోసం ప్రపంచస్థాయి శాస్త్రవేత్తను తెచ్చాం!" అంటూ మంత్రిగారు చెయ్యి చాపారు. చాపిన వైపు డాక్టర్ కీర్తిప్రియ లేదు. ఆ కోతి మాలలో ఎవరెవరికి వాటా ఇస్తోందో వేదిక వెనక నిలబడి పుస్తకంలో రాసుకుంటోంది.

కీర్తిప్రియ భీమవరం రొయ్యల చెరువుల శ్రీనివాసరాజు గారి కూతురు. మనిషికి ఆశ, భయం, కాకాపట్టడం ఎక్కణ్ణుంచి వచ్చాయో కోతుల్ని చూసి తెలుసుకునే చదువు చదివింది. పోలవరం అవతల కొండల్లో పద్నాలుగేళ్ళు ఒకే కోతుల గుంపును చూస్తూ కూర్చుంది. పెళ్ళిళ్ళలో రాజుగారు "మా అమ్మాయి సైకాలజిస్టండి" అనేవారు. "ప్రాక్టీసు ఎక్కడండీ?" అని ఎవరైనా అడిగితే వెంటనే రొయ్య రేటు సంగతి ఎత్తేవారు. ఇప్పుడామెకు 'సలహాదారు, వానర వ్యవహారాలు' అని బోర్డు పెట్టిన కారు ఇచ్చారు. రాజుగారు ఆ కారు పక్కన నిలబడి ఫొటో దిగారు, రెండో పదం కనబడకుండా.

రెండు నెలలు తిరిగి ఆమె రెండు వందల పన్నెండు పేజీల నివేదిక ఇచ్చింది. మంత్రిగారి పీఏ శ్యాంబాబు దాన్ని చేత్తో తూచి చూశాడు.

"సార్ ఒక్క పేజీ దాటి చదవరండి. కుదించండి మేడమ్."

కుదించింది. గుంపులో పెద్ద కోతి బలంతో నిలబడదు, పేలు చూసేవాళ్ళతో నిలబడుతుంది. రెండో స్థానంలో ఉన్నది మరీ ఎక్కువగా పేలు చూస్తోందంటే త్వరలో పక్క గుంపులోకి దూకుతుంది. భయపడిన కోతి పళ్ళు బయటపెడుతుంది. జనం రోడ్డు పక్కన అరటిపళ్ళు విసరడం మానితే కోతులు నర్సరీల వైపు రావు.

శ్యాంబాబు చదివి, లేచి వెళ్ళి తలుపు వేశాడు.

"ఈ లోపలి సమాచారం మీకెవరిచ్చారండి?"

"కోతులేనండి."

"ఏ వర్గం కోతులండి?"

మంత్రిగారు ఆ పేజీ మూడుసార్లు చదివారు. తర్వాత పక్కనే ఉన్న జిల్లా ఉపాధ్యక్షుడు చినబాబు వైపు తిరిగారు.

"ఈ వారంలో నాకు ఎన్ని శాలువాలు కప్పావయ్యా?"

"పదకొండండి. ఆయ్."

సాయంత్రానికి చినబాబు పదవి పోయింది. మర్నాడు అతను పక్క వర్గంలో చేరాడు. సైన్సు ప్రకారం చేరాడా, పదవి పోయి చేరాడా అని ఎవరూ అడగలేదు. మంత్రిగారికి మాత్రం సైన్సు మీద గురి కుదిరింది.

అప్పట్నుంచి పార్టీ ఆఫీసులో కీర్తిప్రియకు ఫ్యాను కింద కుర్చీ వేశారు. ఎవరు ఎవరి భుజం మీద లేని దుమ్ము దులిపారో, ఎవరు ఎవరి వెనక ఎంత దూరంలో నడిచారో ఆమె రాసుకునేది. కొండల్లో కోతులు ఆమెను చూసి పారిపోవడం మానడానికి రెండేళ్ళు పట్టింది. ఇక్కడ మొదటి రోజే దగ్గరికొచ్చి కాఫీ ఇచ్చారు. ఇంత మంచి డేటా జన్మలో చూడలేదని ఆమెకు ఒళ్ళు పులకరించింది.

భయపడితేనే పళ్ళు బయటపెడతారన్న సంగతి పొక్కాక కార్యకర్తలెవరూ నవ్వలేదు. పేపర్లో మంత్రిగారు నవ్వుతున్న పుట్టినరోజు ఫొటో చూసి ముగ్గురు ఫోన్ చేసి సానుభూతి తెలిపారు.

అరటిపళ్ళ మాట కూడా మంత్రిగారు మరిచిపోలేదు. కోతులకు అరటిపళ్ళంటే ఇష్టమని సైన్సు తేల్చిందంటూ 'కదళీ కటాక్షం' పథకం ప్రారంభించారు. ప్రతి నర్సరీ మలుపులో ఒక స్టాండు, దాని మీద రెండు గెలలు, పైన ఆయన ఫొటో. కోతులు మూడింతలయ్యాయి. పథకానికి స్పందన మూడింతలైందని ప్రకటన వెలువడింది.

ఒకరోజు నర్సరీ యజమాని వెంకటదుర్గ చీర కొంగులో నాలుగు పీకేసిన మామిడి అంట్లు తెచ్చి కీర్తిప్రియ ఒళ్ళో పోసింది.

"కోతుల్ని చూసే చదువంట కదమ్మా మీది? ఇక్కడ కూర్చున్నారేంటి? అవన్నీ మా దగ్గరున్నాయి. రెండెకరాల అంట్లు పోయాయి. లారీ వచ్చి ఖాళీగా వెళ్ళిపోయింది."

కీర్తిప్రియ మొహం ఎర్రబడింది. ఒళ్ళో మట్టి దులుపుకోకుండానే లేచి మంత్రిగారి గదిలోకి వెళ్ళింది.

"ఆ పళ్ళు ఆపించండి. లేకపోతే నేను మానేస్తానండి."

"అది సరే మేడమ్. ముందు నా పరిస్థితి ఎలా ఉందో చెప్పండి."

ఆమె పుస్తకం తెరిచింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

"పది రోజులుగా మీ దగ్గర ఎవరూ పేలు చూడ్డం లేదండి."

గురువారం మంత్రివర్గం మారింది. జగన్నాథరావు గారి పేరు లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కారు తాళాలు ఇవ్వడానికి ఆయన ఇంటికి వెళ్ళింది. వాకిట్లో కుర్చీలను టెంట్‌హౌస్ వాళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చి బండికెత్తుతున్నారు. ఆయన మెట్టు మీద కూర్చున్నారు.

"మీ కొండల్లో పెద్దది ఓడిపోతే మిగతావి ఏం చేస్తాయండి?"

"ఒకటో రెండో వచ్చి పక్కన కూర్చుంటాయండి. పేలు చూస్తాయి. దాన్నుంచి వాటికి ఇంకేమీ రాదు, అయినా కూర్చుంటాయి. నూట నలభయ్యో పేజీలో రాశాను."

"ఒక్క పేజీలో పెట్టలేదేం?"

"చోటు చాల్లేదండి."

బండి వెళ్ళిపోయింది. ఆమె కాసేపు నిలబడి, అదే మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. ఆయన కండువా మీద ఎండిన బంతి రేక కనబడితే తీసేసింది. ఆయన కదల్లేదు.

ఫోన్ మోగింది. శ్యాంబాబు.

"మేడమ్, ఇక్కడ కొత్త సార్ దగ్గరున్నానండి. చాలా చదువుకున్నాయనండి, మీ రిపోర్టు మొత్తం చదివేశారు! అద్భుతమన్నారు. పళ్ళ స్టాండ్లకు ఫొటోలు మారుస్తున్నాం. సలహాదారుగా మీరే ఉండాలన్నారు."

"ఇంకేమన్నారండి?"

"నూట నలభయ్యో పేజీ ఒక్కటీ తీసేయమన్నారండి. అది మరీ కట్టుకథలా ఉందంట."