గద్దలకు కలిసొచ్చిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం ఏడు నుంచి ఎనిమిదింటి దాకా ఆత్మకూరులోని తమ కాలనీలో పక్షులను లెక్కపెట్టాలని కరుణశ్రీ నెల ముందే నిర్ణయించింది. ముప్పై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పిన మనిషి. చలికాలపు పక్షుల లెక్కలో ఎక్కడెక్కడి ఊళ్ళూ పాల్గొంటుంటే తమ కాలనీ పేరు లేకపోవడం ఆమెకు చిన్నతనంగా తోచింది. తీరా ఆ పొద్దున, వస్తామన్న ఆరుగురిలో దుప్పటి వదిలి వచ్చింది ఒక్కరే. ఆ ఒక్కరూ ఆమె భర్త శ్రీకృష్ణ.

శ్రీకృష్ణ రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. జలుబుకు మాస్కు, చలికి చేతి గ్లౌజులు తొడుక్కుని, చంకలో ఫైలు పెట్టుకుని బయల్దేరాడు.

"ఇళ్ళ వైపు మీరు చూడండి. ఖాళీ ప్లాట్ల వైపు నేను పోతా. ఎవరన్నా అడిగితే నిదానంగా చెప్పండి," అంది కరుణశ్రీ.

"జనంతో మాట్లాడేది నాకు నేర్పిస్తా ఉండావా?" అన్నాడాయన.

ఖాళీ ప్లాట్ల దగ్గర మొదటి అరగంట మామూలుగానే గడిచింది. గోరింకలు పద్నాలుగు, పికిలిపిట్టలు ఐదు, కరెంటు తీగ మీద ఒక పాలపిట్ట. ఏడున్నర దాటాక ఒక గద్ద వచ్చింది. వెనకే ఇంకోటి. చూస్తుండగానే పదకొండు, పందొమ్మిది, ఇరవైమూడు! కరుణశ్రీ అంకె కొట్టేసి మళ్ళీ మళ్ళీ రాసింది. ఎక్కడినుంచో వలస వచ్చాయేమోనని ఆ మాట కాగితం మీద రాసి, కింద గీత కూడా గీసింది.

అంతలో ఒక గోడ మీదనుంచి నల్లకవరు ఎగిరొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. అందులో కిలో కోడిమాంసం. శుభ్రంగా కడిగి పసుపు కూడా పట్టించారు. తలెత్తి చూస్తే మిగతా గోడల మీదనుంచీ అలాంటి కవర్లే పడుతున్నాయి; గద్దలు వాటికోసమే దిగుతున్నాయి.

కాలనీ చివర నాటుకోళ్ళు పెంచుకునే శీనమ్మ, నెత్తిన మూతపెట్టిన గంపతో పరుగున వస్తోంది. గంప కొక్కొక్కో అంటోంది.

"ఎక్కడికి శీనమ్మా?"

"నీకు దణ్ణం పెడతా టీచరమ్మా, నన్ను చూళ్ళేదనుకో! మీ సారు మాస్కేసుకోని వచ్చి, ఎన్ని పక్షులుండాయి, సాయంత్రంలోగా పైకి లెక్క పంపాల అన్నాడు. లెక్క అయినాక ఏం జేస్తారు సారూ అంటే, అది పైవాళ్ళు చూసుకుంటారు అన్నాడు. కోళ్ళకు జబ్బొస్తే మాస్కులోళ్ళు ముందు లెక్క రాసుకోని, తర్వాత గుంతలో పూడుస్తారు. నాకు తెలవదా?"

కరుణశ్రీ గబగబా కాలనీ వాట్సాప్ గ్రూపు తెరిచింది. 'కోళ్ళ సర్వే అంట' అని మొదలైన ముచ్చట 'సోమశిల కాడ కొంగలు రాలిపోతా ఉండాయంట' దాకా పోయింది. చివర శ్రీకృష్ణ మెసేజి: 'ఎవరూ ఆందోళన చెందవద్దు. పరిస్థితి అదుపులో ఉన్నది.' దాని కిందనుంచే అసలు ఆందోళన మొదలైంది.

కాలనీ గేటు దగ్గర హెన్రీ చికెన్ షాపు ముందు ఆదివారం పూట ఒక్క మనిషి లేడు. హెన్రీ కత్తి పక్కన పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏఎస్ పేటలో బిర్యానీకి చెప్పినోళ్ళు గూడా వద్దన్నారు మేడమ్. నేనేం పాపం జేసినాను?" అన్నాడు.

కరుణశ్రీకి తల కొట్టేసినట్టయింది. లెక్కపెట్టింది పిట్టలనే తప్ప కోళ్ళను కాదని అక్కడే నిలబడి గ్రూపులో పెట్టింది. 'సర్దిచెప్తా ఉండారు' అని జవాబొచ్చింది.

"మాటలతో కాదు మేడమ్. ఎవురన్నా తిని చూపిస్తేనే నమ్ముతారు," అన్నాడు హెన్రీ.

ఎవరు తినాలో ఆమె ఆలోచించనక్కర్లేకపోయింది. డాక్టరు చెప్పాడని ఆరు నెలలుగా శ్రీకృష్ణకు ముక్క తగలనీయని ఆమే, ఫోన్ చేసి పిలిపించి, షాపు ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. హెన్రీ భార్య వేడివేడిగా వేపుడు తెచ్చింది. ప్రహరీల మీద తలలు లేచాయి. శ్రీకృష్ణ మాస్కు తీశాడు. మొదటి ముక్క తిన్నాడు. రెండోది తిన్నాడు. శీనమ్మ గంప దించి, కళ్ళు చికిలించి చూసింది.

"సారు బాగానే ఉండాడే!"

పావుగంటలో ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడ్డారు. ఏఎస్ పేట వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. హెన్రీ కత్తి అందుకున్నాడు.

"ఇంక చాలు, లేవండి," అంది కరుణశ్రీ.

"తొందరపడొద్దు కరుణా. జనానికి ఇంకా పూర్తిగా నమ్మకం కుదర్లా," అంటూ శ్రీకృష్ణ ఖాళీ ప్లేటు హెన్రీ భార్య వైపు చాపాడు.

అప్పటికి క్యూ రోడ్డు మీదికెక్కి చాలాసేపైంది.