స్థల సౌజన్యం

రావులమర్రు గ్రామ చరిత్రను ఇకమీదట రెండు భాగాలుగా చదువుకోవాలని పాఠక మహాశయులకు సవినయంగా మనవి చేస్తున్నాను. నేను అక్కడ రెండు వందల గజాల ఖాళీ స్థలం కొనక ముందు ఒకటి, కొన్న తరువాత రెండోది. మొదటి భాగంలో చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు. వరి పండించారు, తిన్నారు.

నన్ను నేను పరిచయం చేసుకోవడం మర్యాద కాదు గానీ, వేరే ఎవరూ చేసేట్టు లేరు. పేరు షేక్ మునీర్. విజయవాడలో ఒక సర్కారీ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నా సబ్జెక్టు శిలాఫలకాలు. వంతెనకైనా, వాటర్ ట్యాంకుకైనా, బస్టాండులో మరుగుదొడ్లకైనా రాతి మీద ఎవరి పేరు పైన రావాలి, ఎవరిది కింద రావాలి, ఎవరికి 'గౌరవనీయులు', ఎవరికి ఉత్త 'శ్రీ' అన్నది నేను తేల్చేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దమనిషి పేరు రెండు లైన్లు కిందికి జారితే జిల్లా అట్టుడికిపోయింది. ఆ వారం నేను సెలవులో ఉన్నానని రికార్డు కోసం చెబుతున్నాను. వందల రాళ్లు నా చేతి మీదుగా లేచాయి. వాటిలో ఒక్కదాని మీదా నా పేరు లేదు.

మా ఆవిడ నసీమా బాధ వేరు. పెళ్లయిన దగ్గర్నుంచీ పదకొండు అద్దె ఇళ్లు మారాం. పదకొండింటిలోనూ గోడకి మేకు కొట్టాలంటే ఇంటాయన్ని అడగాలి. పన్నెండోది సొంతిల్లు కావాలంది. ఇప్పుడున్న ఇంటాయన డిసెంబరు నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. బెజవాడలో గజం ఎంతని అడిగితే బ్రోకరు నా చెప్పుల వంక చూసి మాట మార్చాడు. అందుకని హనుమాన్ జంక్షన్ నుంచి ఆటోలో అరగంట పోయి, రావులమర్రులో రోడ్డు పక్కన తూర్పు ముఖం స్థలం కొన్నాను. రిటైరైనప్పుడు వచ్చిందంతా అందులోనే పోశాను. ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేయించాను. నసీమా ముగ్గుతో గదులు గీసి, "ఇదిగో, ఇక్కడ నా పొయ్యి. ఈ గోడకి నా ఇష్టమొచ్చినన్ని మేకులు కొట్టుకుంటాను" అంది. ముప్పై ఏళ్లలో ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

వారం తిరక్కుండానే బాలశౌరి గారు వచ్చారు. ఆయన సర్పంచి మణెమ్మ గారి భర్త. మణెమ్మ గారు సంతకాలు పెడతారు, మిగతా పాలనా భారమంతా ఆయనే మోస్తారు. అంతటి త్యాగమూర్తి రోడ్డు మీదే చెప్పులు విడిచి నా మట్టిలో అడుగుపెట్టారు.

"మునీర్ గారూ, మన ఊరికి అంతర్జాతీయ నైపుణ్య కేంద్రం శాంక్షనైందండి. సోమవారం మంత్రిగారొచ్చి శంకుస్థాపన చేస్తారు."

"సంతోషమండి. ఎక్కడ?"

"అదేనండి వచ్చిన చిక్కు. అసలు చోటు పొలాల్లో ఉంది. కాలవకి నీళ్లొదిలారు గదా, మోకాల్లోతు బురద. మంత్రిగారివేమో తెల్ల బూట్లు."

"మరి?"

"ఊరు మొత్తమ్మీద మెరకలో ఉన్న ఖాళీ స్థలం మీదొక్కటేనండి. ఒక్క గంట. తెర లాగుతారు, కొబ్బరికాయ కొడతారు, వెళ్లిపోతారు. కోతలయ్యాక రాయి పీక్కెళ్లి అసలు చోట పాతుకుంటాం."

కుదరదని చెప్పడానికే నోరు తెరిచాను, అల్లా సాక్షి. అంతలో ఆయన జేబులోంచి ఒక కాగితం తీశారు. "ఫలకం మీద పేర్లండి. మీరు ఈ విద్యలో పండితులట. ఒకసారి చూసి పెడతారా?"

చూశాను. ఎంపీ గారి పేరు ఎమ్మెల్యే గారి కింద ఉంది. నా రక్తం ఉడికిపోయింది. అక్కడే ఇటుకల మీద కూర్చుని ఇరవై మూడు పేర్లనూ వరసలో పెట్టాను. మిగిలిందల్లా బాలశౌరి గారే.

"నన్నెక్కడ వేస్తారండీ?"

"మీకు పదవేమీ లేదు గదండీ."

"సర్పంచి గారి భర్తనండి."

"ప్రోటోకాల్లో భర్తలకి కాలమ్ లేదండి."

ఆయన ముఖం చూసి జాలేసింది. 'సభా నిర్వహణ' అని ఒక కొత్త కాలమ్ సృష్టించి అందులో కూర్చోబెట్టాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ పేరు లేకపోతే ఎలాగండీ? చిట్టచివర 'స్థల సౌజన్యం' అని మిమ్మల్ని వేద్దాం."

ముప్పై నాలుగేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాడు లేడు. "మీ ఇష్టం" అన్నాను. అక్షరాలు మాత్రం అంగుళన్నరకి తగ్గకూడదన్నాను.

సోమవారం మంత్రిగారు వచ్చారు. తెర లాగి, రాయి వంక చూడకుండా కెమెరాల వంక చూశారు. ఈ కేంద్రంలో తర్ఫీదైన మన పిల్లలు జర్మనీ వెళ్లి జర్మనీ వాళ్లకి పని నేర్పుతారని ప్రకటించారు. నాకు శాలువా కప్పి, ఇటువంటి దాతలు ఉన్నంతకాలం ప్రభుత్వానికి ఏ కొరతా రాదన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాడు జిల్లా పేజీలో మంత్రిగారి పక్కన నా మోచెయ్యి పడింది. నాలుగు కాపీలు కొన్నాను.

నసీమా ఒక్కతే రాయి అడుగుభాగం చూసింది.

"రెండు బస్తాల సిమెంటు పోశారేంటండీ? అదీ సరిగ్గా నా పొయ్యి దగ్గర."

"తాత్కాలికంగానే."

"తాత్కాలికానికి సిమెంటెందుకు?"

"గాలికి పడిపోకుండా. ముందు నా పేరు చదువు."

"బాగా కిందుంది, వంగాలి" అంది. వంగలేదు.

కోతలయ్యాయి, పొలం ఆరింది, రాయి కదల్లేదు. బాలశౌరి గారిని అడిగితే, మంత్రిగారు పాతిన రాయి కదిపితే ఆయన పదవికే అపశకునమన్నారు. పోనీ రాయి చుట్టూ ఇల్లు కట్టుకుందామని పంచాయతీ ఆఫీసుకి వెళ్లాను. సెక్రటరీ వినీల అనే చిన్నపిల్ల. ఫైలు తిరగేసి తల అడ్డంగా ఊపింది.

"ఆ స్థలంలో ప్రభుత్వ భవనం ఉంది సార్. ఇంటికి ప్లాను ఇవ్వలేను."

"భవనం ఎక్కడుందమ్మా? ఉన్నది రాయేగా."

"శంకుస్థాపన అయిందంటే రికార్డులో నిర్మాణ దశ సార్."

సర్వీసులో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి. లోలోపల మెచ్చుకున్నాను. ఆ పిల్ల మంచిది, గొంతు తగ్గించి ఒక దారి చెప్పింది.

"అంతా ఆ స్థల సౌజన్యం దగ్గరొచ్చింది సార్. స్థలం మీరే ఇచ్చేసినట్టు రాయి చెబుతోంది. ఆ లైను ఉలితో చెరిపించేసి ఫోటో తెండి. దాత లేకపోతే దానం లేదు. ప్లాను నేను పెట్టేస్తాను."

ఇంటికొచ్చి చెబితే నసీమా, "ఒక్క లైనేగా" అంది. అవును మరి, ఒక్క లైనే.

మర్నాడు ఎలీషా అనే రాతిపని మేస్త్రీని వెంటబెట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఎలీషా ఉలి ఆనించి, "ఏ అక్షరం దగ్గర మొదలెట్టమంటారండీ?" అన్నాడు. నేను ఆలోచనలో పడ్డాను. 'షేక్' తీస్తే ఎవరో మునీర్ మిగులుతాడు. 'మునీర్' తీస్తే ఎవరో షేక్ మిగులుతాడు. "ముందు టీ తాగొద్దాం రావయ్యా" అన్నాను. మూడు టీలయ్యాయి. నసీమా ఎండలో అక్కడే నిలబడి ఉంది.

మేం తిరిగొచ్చేసరికి బాలశౌరి గారు బండి మీద రొప్పుతూ దిగారు.

"విన్నారాండీ? పొద్దున్నే మంత్రివర్గం మారింది. మనాయన మాజీ అయ్యారు. ఈ రాయి కొత్తాయన కంట్లో పడితే ఊరికి మంచిది కాదండి."

గంటలో జేసీబీ వచ్చింది. మూడు నెలలుగా ఎవరూ కదపలేని రాయి మూడు నిమిషాల్లో లేచింది. నా పేరు బోర్లా పడుకుని ట్రాక్టరులో వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చిన మాట నిజం. నసీమాకీ ఏడుపొచ్చింది గానీ అది వేరే ఏడుపు. నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడే వెళ్లి ప్లానుకి పెట్టేద్దాం పదండి" అంది.

బాలశౌరి గారు మళ్లీ చెప్పులు విడిచారు.

"కొత్త మంత్రిగారు గురువారం వస్తామన్నారండి. అదే కేంద్రం, కొత్త రాయి. ఈసారి మొహమాటమేం లేదు, పొలం ఆరిపోయింది. మీరు కాదంటే అక్కడే పాతుకుంటాం. ఊరికే ఒక మాట అడుగుదామని."

నసీమా నా వంక చూసింది. కాదనడానికి ఎంతసేపు? నోరు తెరిచాను కూడా.

"ఈసారి నల్ల గ్రానైటండి, బంగారు రంగు అక్షరాలు" అన్నారాయన. "మీ పేరు పైనుంచి నాలుగోది."

"నాలుగోది జడ్పీ చైర్మన్ గారిది గదండీ."

"ఆయన ఐదో చోట సర్దుకుంటారు లెండి."

నా చెయ్యి పట్టుకున్న నసీమా చెయ్యి ఇంకా వదల్లేదు. "డ్రాఫ్టు మీకు ఎప్పటికి కావాలండీ?" అని అడిగాను. అప్పుడు వదిలింది.

మర్నాడు పొద్దున్నే నసీమా టు-లెట్ బోర్డులు చూసుకుంటూ సింగ్‌నగర్ వైపు బయల్దేరింది. తోడు రమ్మని అడగలేదు. నాకూ తీరిక లేదు. పేర్లు ఇరవై తొమ్మిదికి పెరిగాయి, మధ్యాహ్నానికల్లా ఫెయిర్ కాపీ పంపాలి.