ఎర్రకళ్ల పథకం

పొద్దున్న ఆరుంబావుకి, ఒక పెద్ద అడవిలో, నాంచారమ్మ అనే పండ్ల ఈగ పనసతొక్క మీద కూర్చుని ముందుకాళ్లు రుద్దుకుంటోంది. లోపల తొనలు ముగ్గి వాసన గుప్పుమంటోంది. కానీ ఆమెవి తెల్లకళ్లు.

ఎర్రకళ్ల ఈగలకే తొనల్లోకి ప్రవేశం. తెల్లకళ్లవాళ్లకి తొక్కే గతి. ఈ నియమం పెట్టింది ఈగల సభ అధ్యక్షుడు కోదండయ్య. వాకిట్లో ఊసరవెల్లి కాపలా. ఈగల్ని తిననని ప్రమాణం చేశాకే దానికి ఆ కొలువిచ్చారు.

"నా బతుకు ఎలాగూ తెల్లారింది బాబయ్యా. నా తర్వాతివాళ్లూ ఈ తొక్క నాకాల్సిందేనా?" అని నాంచారమ్మ మొరపెట్టుకుంది.

కోదండయ్యకి జాలి కలిగింది. ఎన్నికలు కూడా దగ్గరపడ్డాయి.

"నియమం మార్చడం కుదరదమ్మా. కళ్లు మారుద్దాం."

పని డాక్టర్ ముళ్లపందికి అప్పగించారు. సన్నటి సూదులు ఆయన ఒంటిమీదే ఉన్నాయి.

"ఈగల జన్యువుల్లో ఒక తుంటరి ముక్క ఉంది. ఒకచోట ఊడి ఇంకోచోట దూరడమే దాని పని," అన్నాడు డాక్టరు. "నేను దాని దూకుడు తీసేసి, వీపున ఎర్రరంగు మూట కట్టాను. దాన్ని దూకించడానికి వేరే సాయగాడున్నాడు. వాడు ఒక్కసారి దూకించి మాయమైపోతాడు. రంగు తరతరాలా నిలుస్తుంది. గుడ్డులో సూది గుచ్చితే చాలు."

"కళ్లు మండుతాయా అయ్యా?"

"గుడ్డుకి కళ్లెక్కడివమ్మా!"

అంతా బాగానే ఉండేది. కొలువుల వ్యవహారం చూసే తాబేలు అడ్డం పడింది.

"సాయగాడు ఒక్కసారి పనిచేసి పోవడమేమిటి? కొలువులో చేరినవాణ్ణి పంపేసే ఆనవాయితీ మనకి లేదు. పర్మినెంట్ చెయ్యండి."

"వాడుంటే రంగు నిలవదయ్యా!" డాక్టరు ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

"ఎన్నికల ముందు ఒకరి పొట్టకొట్టడం దేనికి డాక్టరుగారూ?" అన్నాడు కోదండయ్య.

డాక్టరు ముళ్లు దించుకుని, సాయగాడు కూడా ఆ వంశంలోనే ఉండిపోయేలా నాంచారమ్మ గుడ్లలో సూది గుచ్చాడు.

పిల్లలు తెల్లకళ్లతోనే పుట్టారు. "మనవల్లో బయటపడుతుంది," అన్నాడు డాక్టరు. పడింది. ఒకడికి నారింజ రంగు, ఇంకొకడికి ఇటుక రంగు, మనవరాలు రత్తాలుకి తెలుపు మీద ఎర్రచుక్కలు.

ఊసరవెల్లి రత్తాలు కళ్లలోకి తేరిపార చూసింది. "రంగులతో బతికేదాన్ని, నాకే తేలట్లేదు."

"ఎంత ఎరుపుండాలో నియమంలో ఉందా తల్లీ?" అంది నాంచారమ్మ.

"లేదు."

"మరి తప్పుకో."

మనవలు లోపలికి వెళ్లారు. నాంచారమ్మ తొక్క మీదే ఉండిపోయింది. ఆ వారమే కోదండయ్య తన కొడుక్కి రత్తాలుతో సభ ఎదుట ఆదర్శ వివాహం జరిపించాడు. ఓట్లు బాగానే పడ్డాయి.

సాయగాడు మాత్రం పని మానలేదు. పర్మినెంట్ కదా. రంగు మూటని దూకిస్తూనే ఉన్నాడు, అది ఓసారి రత్తాలు గుడ్డులోకి చేరకుండా దారిలోనే జారిపోయింది. ఈగల్లో మగపిల్లలకి కళ్లరంగు తల్లి నుంచే రావాలి.

కొన్నాళ్లకి అడవంతా తెలిసింది: కోదండయ్య మనవడివి తెల్లకళ్లు. తొనల్లోకి ఎవరైనా వెళ్లొచ్చని సభ ఆ పూటే తీర్మానించింది.

నీతి: నియమం మారాలంటే, అది పెద్దవారి మనవణ్ణి వాకిట్లో ఆపాలి.