ముడిమ్యాల దాకా వినబడ్డ నా ఆఫీసు

ఆ ఆదివారం నేను ఒకేసారి మూడు చోట్ల ఉండాలని పథకం వేశాను. నా భార్య లెక్కలో గచ్చిబౌలి ఆఫీసులో, నిజానికి అజీజ్‌నగర్‌లో, భోజనాల వేళకు ముడిమ్యాలలో మా అత్తగారింటి పీట మీద. నవ్వకండి. డిజిటల్ రేడియో కొన్న కొత్తలో మనిషికి అన్నీ సాధ్యమే అనిపిస్తాయి.

చేవెళ్ల రోడ్డు పక్క పొలాలు ఫామ్‌హౌసులవుతూ, ఐటీ కంపెనీలు బస్సులు పెట్టి మరీ మా వాళ్లను తీసుకుపోతున్న రోజులవి. నేనూ ఒక కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరును. ఎవరెవరో చేసిన తప్పులు పట్టుకుంటే నాకు జీతం ఇస్తారు. నా తప్పులు పట్టుకునే పని మాత్రం ఇంట్లో అరుణశ్రీది, ఆమెకు జీతం లేదు.

పరీక్ష రాసి, సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లకు సర్కారు ఇచ్చే హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుని, చేతిలో పట్టేంత డిజిటల్ రేడియోలు రెండు కొన్నాను, ఒకటి చెడితే ఇంకొకటి. వాటికి తోడు సబ్బుపెట్టె అంత ఒక డబ్బా. రేడియోలో మనం మాట్లాడితే ఆ డబ్బా అందుకుని ఇంటర్నెట్ మీదుగా ఎక్కడెక్కడి హామ్‌లకో చేరుస్తుంది. వాటిని ఒకదానికొకటి పరిచయం చేయడానికే నాకు వారాలు పట్టింది. మొదట నా గొంతు బిందెలో కప్పలా వచ్చింది. తర్వాత అదీ రాలేదు.

చివరికి ఒకరోజు అవతలి వైపు నుంచి జవాబు వచ్చింది. ఆనందంతో వంటింట్లోకి పరుగెత్తాను.

"ఇంతకు ఏం ముచ్చట వెట్టుకున్నరు?" అంది అరుణశ్రీ.

"నీ గొంతు మంచిగ ఇనవడుతున్నది అన్నడు."

"మరి నువ్వు?"

"నీది గుడ మంచిగ ఇనవడుతున్నది అన్న."

"తర్వాత?"

"సెలవు తీసుకున్నం."

"మన పెండ్లిచూపులల్లనే గింతకన్న ఎక్కువ ముచ్చటైంది గదయ్యా."

నేను ఊరుకుంటానా? "ఫోన్లు బందయిన రోజు అందరిని ఆదుకునేది గిదే" అన్నాను ఛాతీ విరిచి.

"గా డబ్బ ఇంటర్నెట్ లేంది పలకదంటివి. ఫోన్లు బందయిన రోజు ఇంటర్నెట్ ఎవరిస్తరు, మీ జైపాలన్ననా?"

జైపాల్ అన్న అంటే అజీజ్‌నగర్‌లో ఫామ్‌హౌసు కట్టుకున్న నా హామ్ మిత్రుడు. ఇంటికన్నా ముందు యాంటెన్నా లేపాడు కాబట్టి అందరూ టవర్ జైపాల్ అంటారు. టవర్ కింద నాటుకోళ్లు పెంచుతాడు.

ప్రతి ఆదివారం పొద్దున తెలుగు హామ్‌లందరూ రేడియోలో కలుస్తారు, ఆ కూడికను నెట్ అంటారు. ఒకరు పెద్దమనిషిలా కూర్చుని పేరుపేరునా పిలిచి మాట్లాడిస్తారు. ఆయన్ను నెట్ కంట్రోల్ అంటారు. నల్లగొండ శివయ్య సార్, రిటైరైన హెడ్మాస్టరు, ఎన్నాళ్ల నుంచో ఆ పని చేస్తున్నారు. ఆయన ఈసారి ఆ కుర్చీ నాకిచ్చారు. నాకైతే పెళ్లినాటికన్నా ఎక్కువ గుండెదడ వచ్చింది. వారం రోజులు స్నానాలగదిలో ప్రాక్టీసు చేశాను.

సరిగ్గా అదే ఆదివారం ముడిమ్యాలలో అరుణశ్రీకి ఒడిబియ్యం. పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోసి పంపే వేడుక. అల్లుడు పక్కన కూర్చోవాలి. పైగా మా అత్తమ్మ అంతమ్మకు ఆ మధ్యే ఆపరేషన్ అయింది. దవాఖానలో కళ్లు తెరవగానే ఆమె అడిగింది ఒక్కటే. "లేసి కూసుంటే సాలు, నా బిడ్డకు నా చేతులతోని ఒడిబియ్యం పోస్త."

ఇంతటి మాట ముందు నా నెట్ సంగతి ఎలా చెప్పడం? "నీకు మా అవ్వకన్న గా డబ్బ ఎక్కువనా?" అంటే ఇక నా పని అయిపోయినట్టే. అందుకని ఆఫీసు మీదకు నెట్టాను.

"అరుణా, అర్జెంటు రిలీజు వడ్డది. పొద్దున జర ఆఫీసుకు వొయ్యి సీదా ముడిమ్యాల వస్త."

ఆమె నా ముఖం కేసి ఒక్కసారి చూసి, "సరే" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సాక్ష్యం కూడా ఏర్పాటు చేశాను. మా రేడియో మాటతో పాటు మనమున్న జాగాను కూడా పంపుతుంది, అది ఇంటర్నెట్ మ్యాపులో చుక్కగా కనబడుతుంది. ఆ మ్యాపు అరుణశ్రీ ఫోనులో గొప్పకు పెట్టిచ్చింది నేనే. ఇప్పుడు ఆ చుక్క అజీజ్‌నగర్‌లో కనబడకుండా, మా ఆఫీసు జాగాను చెప్పే అక్షాంశ, రేఖాంశాల అంకెలు ఫోనులో చూసి రేడియోలో చేత్తో ఎక్కించాను. ఇక నేనెక్కడున్నా చుక్క గచ్చిబౌలిలోనే.

తెల్లారి జైపాల్ అన్న టవర్ కింద కూర్చుని, ఆయన డబ్బా మీదుగా నెట్ మొదలుపెట్టాను. వరంగల్, కర్నూలు, విశాఖ నుంచి ఒక్కొక్కరే వస్తున్నారు. నేను "స్వాగతం", "ధన్యవాదాలు", "తర్వాతివారు" అంటూ ఏలుతున్నాను. జైపాల్ అన్న చాయ్ తెచ్చి, "తమ్మీ, గవర్నర్ లెక్క మాట్లాడుతున్నవ్‌రా" అన్నాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. అరుణశ్రీ.

"అందరూ ఒక్క నిమిషం ఆగండి" అని రేడియోలో చెప్పి ఫోనెత్తాను.

"ఎక్కడున్నవయ్యా?"

"ఎక్కడుంట? ఆఫీసులనే."

క్షణం ఆగి ఫోనులో ఎవరో అన్నారు: "ఎక్కడుంట? ఆఫీసులనే." నా గొంతే, జలుబు చేసినట్టుంది.

"ఏందే, ఎకో వస్తున్నది?"

"ఏందే, ఎకో వస్తున్నది?" అంది ఫోను.

అంతలో జైపాల్ అన్న పుంజు కుర్చీ పక్కకొచ్చి గొంతెత్తి కూసింది. క్షణం తర్వాత ముడిమ్యాలలో కూడా కూసింది.

"ఆఫీసుల కోడి ఎక్కడిదయ్యా?"

"గది... మా మేనేజర్ రింగ్‌టోన్."

"మా మేనేజర్ రింగ్‌టోన్" అంది ఫోను. దాని వెనక జనం నవ్వు.

అప్పుడు చూసుకున్నాను. ఎడమచేతిలో రేడియో, మాట్లాడేటప్పుడు నొక్కే దాని బొత్తాం మీద నా బొటనవేలు గట్టిగా నొక్కి ఉంది. "ఒక్క నిమిషం" అన్నప్పటి నుంచి తీయనేలేదు. నా సంసారమంతా తెలుగు నేల మీద ప్రసారమైంది.

వేలు తీశాను. రేడియోలో శివయ్య సార్ గొంతు వచ్చింది. "నెట్ కంట్రోల్ గారూ, మీ ఆఫీసు స్పష్టంగా వినబడింది. కోడి కూడా. మీ ఇంటావిడ మాటలు మాత్రం మాకు అందలేదు, ఊహించుకుంటున్నాం."

ఫోనులో అరుణశ్రీ అంటోంది. "వారం సంది స్నానం చేసుకుంట 'స్వాగతం, స్వాగతం' అంటివి. నాకు తెల్వదనుకున్నవా? నీ రెండో రేడియో, డబ్బ నేనే తెచ్చి వాకిట్ల వెట్టిన. మావోళ్లందరు కూసొని ఇంటున్నరు. నీ నెట్ అయినంకనే బియ్యం పోద్దామని అవ్వకు నిన్ననే చెప్పిన."

తిట్టి ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని. శివయ్య సార్‌కు చెప్పి నెట్ అంతటితో ముగించి, జైపాల్ అన్న ఇచ్చిన చాయ్ అక్కడే వదిలేసి, బండి తీశాను. మొయినాబాద్, చేవెళ్ల ఎలా దాటానో గుర్తులేదు.

వాకిట్లో కాలు పెట్టగానే చుట్టాలంతా నా మీద పడ్డారు.

"ఎందుకు బందువెట్టినవ్ అల్లుడా? మంచిగ ఇంటుంటిమి!" అన్నాడు మా మామ కుర్మయ్య. "విశాఖ ఆయన మామిడితోట ముచ్చట సగంలనే ఆగె."

మామ తమ్ముడు బీరయ్య చిన్నమామ కనబడలేదేమని అడిగాను. అందరూ చీర కొంగులు, రుమాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. పొద్దున్నే బీరయ్య మామ అరుణశ్రీ ఫోనులో ఆ మ్యాపు చూశాడట. నా చుక్క గచ్చిబౌలిలో లేదు, ఎక్కడో వర్గల్ దిక్కున ఒక చెరువు నడిమధ్యలో ఉంది. ఫోనిచ్చిన అంకెలను రేడియో ఇంకో పద్ధతిలో చదువుతుందని, డిగ్రీలు నిమిషాల లెక్కలోకి మార్చి ఎక్కించాలని నేను మరిచాను. "అల్లుడు చెర్ల వడ్డడు!" అని మామ తాడు భుజానేసుకుని బండి మీద వెళ్లిపోయాడు. ఆ తర్వాతే రేడియోలో నా గొంతు వచ్చింది. "చెర్ల వడ్డోడు గింత ముద్దుగ స్వాగతం చెప్తడా బాపూ?" అని అరుణశ్రీ, వెనకే బయల్దేరబోతున్న వాళ్ల నాయనను కూర్చోబెట్టింది. బీరయ్య మామ మాత్రం అందుబాటులో లేడు. కాసేపటికి చెరువుగట్టు మీంచి ఫోను చేశాడు. "ఈడ ఒక్క బర్రె తప్ప ఎవ్వల్లేరు. దాన్నే పట్టుకురావాల్నా?"

నన్ను పీట మీద అరుణశ్రీ పక్కన కూర్చోబెట్టారు. అత్తమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆపరేషన్ తర్వాత సగమైపోయింది మనిషి. దోసిళ్లతో బియ్యం తీసి కూతురి ఒళ్లో పోస్తుంటే, ఈ చేతులు ఎదురుచూస్తున్నాయని తెలిసి కూడా నేను కోళ్ల మధ్య కూర్చున్నానా అనిపించి కళ్లు నిండాయి. నా కోసం ఈ వేడుకనే ఆపి కూర్చున్నారు వీళ్లు. అంత అదృష్టం నాకు ఎవరిచ్చారో తెలియదు.

"తప్పయింది అత్తమ్మా" అన్నాను.

"అడిగితే నేను వద్దంటనా బిడ్డా? దవాఖానల పండి పండి ఇసుగొచ్చింది, నీ డబ్బల అందరి ముచ్చట్లు ఇంటుంటే పానం లేచొచ్చింది." దోసిట్లో మిగిలిన గింజలు కూడా పోసి, నవ్వాపుకుంటూ నా తల మీద చేయి పెట్టింది. "అల్లుడా, ఒక్కటి చెప్త ఇను. ఇంకోపారి అబద్ధమాడాలె అనిపిస్తే ముందుగాల గా బొత్తం మీదికెల్లి ఏలు తియ్యి. లేకుంటే అబద్ధమాడుడే మానెయ్యి."

ఆలోచిస్తే రెండోదే సులువనిపించింది. నా బొటనవేలి మీద నాకు నమ్మకం లేదు.