సూరమ్మ కషాయానికి రోజూ ప్రారంభోత్సవం

ఒక పెద్ద అడవిలో చలికాలం వచ్చిందని తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేదు. వాగు పక్కన బండ దగ్గర ముళ్లపంది సూరమ్మ పొయ్యి వెలిగించిందంటే వచ్చినట్టే.

మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మసిబారిన మట్టికుండ. అందులో శొంఠి, మిరియాలు, గుప్పెడు తులసాకులు, ఇంత తాటిబెల్లం. తెల్లారేసరికి కుతకుతా కాగే ఆ కషాయం వాసన మంచును చీల్చుకుంటూ ప్రతి గుహలోకీ దూరేది. జింకలు, దుప్పులు, అడవిపందులు మోదుగాకు దొన్నెలు పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే వరసలో నిలబడేవి.

సూరమ్మది ఒకటే నియమం. వరసలో ఎవరైనా కబుర్లు మొదలుపెడితే గరిటె చూపించి, "ముందు తాగు, తర్వాత వాగు" అనేది.

మొదటి దొన్నె మాత్రం ఎప్పుడూ ముసలి కుందేలు చిట్టెన్నది. ఆయనకు ఉబ్బసం. పొద్దున్నే వేడి గుక్క గొంతు దిగితే తప్ప ఊపిరి ఆడదు. కిందటేడు సూరమ్మ జ్వరమొచ్చి రెండు రోజులు పొయ్యి వెలిగించకపోతే, మూడో రోజుకు చిట్టెన్న కళ్లు తేలేశాడు. అప్పట్నుంచి ఆవిడ ఒళ్లు కాలిపోతున్నా కుండ మాత్రం మానలేదు.

ఇలా ఒక పని దానంతటది సజావుగా సాగుతుంటే చూస్తూ ఊరుకోవడం అడవి సభకు చేతకాదు.

సభ కార్యదర్శి కొంగ తెల్లయ్య వాగులో ఒంటికాలి మీద నిలబడి ఆ వరసను మూడు రోజులు చూశాడు. కషాయం సంగతి అతనికి పట్టలేదు. ఇంతమంది పొద్దున్నే ఒకచోట చేరుతున్నారు, వాళ్లను కూర్చోబెట్టి ఒక్క ఉపన్యాసమైనా ఇచ్చే నాథుడు లేడు. అదీ అతని బాధ. నాలుగో రోజు నేరుగా సభాధ్యక్షులు పెద్దపులి వ్యాఘ్రమూర్తి గారి గుహకు వెళ్లాడు.

"అయ్యా, ఆ ముళ్లపంది రోజూ మూడొందల మందిని పోగేస్తోందండీ."

"ఎందుకు? నా మీద కుట్రా?"

"కుట్రయితే భయం లేదండీ, మన దగ్గర మందుంది. ఇది సేవ."

పులిగారి మీసాలు అదిరాయి. "సేవా? మన అనుమతి లేకుండా?"

వసంతంలో ఎన్నికలు. ఇక ఆలోచించేదేముంది? సాయంత్రానికల్లా 'వ్యాఘ్రమూర్తి వెచ్చని గుక్క పథకం' పుట్టింది. సొంత పొయ్యిలు నిషేధించారు. కుండను సభ మైదానానికి తరలించారు. కషాయం కాచే గౌరవం మాత్రం సూరమ్మకే వదిలేశారు, ఎందుకంటే సభలో ఇంకెవరికీ శొంఠికీ పసుపుకొమ్ముకీ తేడా తెలియదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. అధ్యక్షుల వారు ప్రారంభించనిదే దేన్నీ ఎవరూ ముట్టకూడదు. తొలకరికి వాగులో కొత్తనీరు వస్తే దానికీ అడ్డంగా రిబ్బను కట్టేవాళ్లు. ఆయన తీరిగ్గా వచ్చి కత్తిరించేదాకా దాహంతో చచ్చినా గట్టు మీదే చావాలి. కషాయం రోజూ కొత్తగా కాస్తారు కాబట్టి ప్రారంభోత్సవం కూడా రోజూ చెయ్యాలని తెల్లయ్య తేల్చాడు.

మొదటి రోజు తెల్లవారకముందే అందరూ మైదానంలో కూర్చున్నారు. పులిగారు బారెడు పొద్దెక్కాక వచ్చారు. కొండముచ్చు గవర్రాజు వేదికెక్కి, అయ్యగారు పుట్టినప్పుడు ఎంత చలిగా ఉందో అక్కణ్నుంచి మొదలుపెట్టాడు. పొగడటం అతనికి వృత్తి. తర్వాత సూరమ్మకు సన్మానం. ఆవిడ భుజాల మీద శాలువా కప్పబోతే ముళ్లకు తగులుకుని చిరిగింది. తెల్లయ్య విసుక్కున్నాడు.

"సన్మానం జరుగుతున్నప్పుడు ముళ్లు ముడుచుకోవాలని తెలీదా అమ్మా?"

"చలికి అవే నిక్కబొడుచుకుంటాయి బాబూ. శాలువా సంగతి తర్వాత, కషాయం చల్లారిపోతోంది. కాస్త పొయ్యి రాజేసుకోనా?"

"పొగొస్తే అయ్యగారి కళ్లు మండుతాయి. చల్లారడం అనే అంశం కార్యక్రమంలో లేదు. కూర్చో."

అప్పుడు పులిగారు లేచారు. చలి గురించి గంటసేపు మాట్లాడారు. చలిని తాను ఎలా ఎదుర్కొన్నదీ, ఎలా ఎదుర్కోబోతున్నదీ, గత అధ్యక్షుల కాలంలో చలి ఎంత ఘోరంగా ఉండేదీ వివరించారు. చివరికి ఆచారం ప్రకారం మొదటి గుక్క తాగారు. తర్వాత అందరికీ పోశారు. అప్పటికి ఆ కషాయానికీ వాగు నీళ్లకీ ఉన్న తేడా రంగొక్కటే.

చిట్టెన్నను 'తొలి లబ్ధిదారు' అని వేదిక మీద నిలబెట్టారు. చేతిలో ఖాళీ దొన్నె, ఎదురుగా మంచుగాలి. మధ్యమధ్యలో ఆయన దగ్గుతుంటే ఉపన్యాసానికి అడ్డమొస్తోందని గవర్రాజు కొత్త నియమం చదివాడు.

"దగ్గు వచ్చేవాళ్లు చప్పట్లు కొట్టేటప్పుడు దగ్గవలెను!"

ఆ రోజు నుంచి చప్పట్లు బాగా పెరిగాయి. వేదిక ముందు కూర్చున్నవాళ్లు చిట్టెన్నకు దగ్గు వచ్చినప్పుడల్లా జాలితో చప్పట్లు కొట్టేవాళ్లు. తన మాటలకే అనుకుని పులిగారు ఉపన్యాసం మరో అరగంట పొడిగించారు.

వారం తిరిగేసరికి చిట్టెన్న ఇద్దరు పట్టుకుంటే గానీ నిలబడలేకపోయాడు. సూరమ్మ ఉండబట్టలేక, ఉపన్యాసం సగంలో మూత తీసి ఒక గరిటెడు ఆయన దొన్నెలో పోయబోయింది. గవర్రాజు గరిటె లాక్కున్నాడు.

"ప్రారంభం కాని కషాయం తాగిస్తావా? నేరం!"

"ఊపిరి ఆడట్లేదురా ఆయనకి!"

"ఆయన పేరే పథకంలో మొదట ఉంది. ఇంకేం కావాలి?"

సూరమ్మకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది. కుండ తనది, శొంఠి తనది, చేతులు తనవి, కళ్లెదుట ఊపిరందక కొట్టుకుంటున్నవాడికి గుక్కెడు పోయడానికి మాత్రం హక్కు లేదు.

ఇటు తెల్లయ్య నివేదిక రాశాడు. 'పథకం ఘనవిజయం. అందరూ ఒక్క దొన్నెతోనే తృప్తి పడుతున్నారు. రెండోసారి అడిగినవారు లేరు.'

ఆ నివేదిక పొరుగు అడవికి చేరింది. పథకం చూడటానికి అక్కడి ఏనుగులు వస్తున్నాయని కబురొచ్చింది. ఇరవయ్యో రోజు మైదానమంతా తోరణాలు కట్టారు. పెద్ద ఏనుగు పరివారంతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. సూరమ్మ కుండ దించి మూతపెట్టింది. చిట్టెన్న ఆ రోజు నిలబడలేక వేదిక మీదే ఒరిగిపోయాడు. ఆయన గుండెల్లోంచి పిల్లికూతలు వెనక వరసకూ వినిపిస్తున్నాయి.

ఇవాళ గంటన్నర ఉపన్యాసమైతే ఈయన దక్కడని సూరమ్మకు తెలిసిపోయింది.

పులిగారు లేచి, ఛాతీ విరుచుకుని, నోరు తెరిచారు.

"మ్యా..."

పులిగారు గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నించారు. ఈసారి అదీ రాలేదు, గాలొక్కటే వచ్చింది. పందొమ్మిది రోజులు పొగమంచులో గంటలకొద్దీ నోరు తెరిచి, ఆపైన చల్లటి కషాయం తాగితే పులి గొంతైనా పూడుకుపోక ఏమవుతుంది?

తెల్లయ్య ముక్కుకు చెమటలు పట్టాయి. అతిథుల ముందు పరువు పోతుంది. ఒక్క గంతులో వేదికెక్కాడు.

"అయ్యగారు ఈరోజు మౌనదీక్షలో ఉన్నారండీ! చలికి వణికే ప్రజల కోసం!"

ఏనుగులు తొండాలెత్తి నమస్కరించాయి. "అధ్యక్షుడు మాట్లాడకుండా ఉండే దీక్షా! మా అడవిలో ఇలాంటి త్యాగం ఎన్నడూ చూడలేదు" అంది పెద్ద ఏనుగు.

"అయితే అయ్యగారు మొదటి గుక్క తాగి ప్రారంభిస్తారు" అన్నాడు తెల్లయ్య.

సూరమ్మ కుండ మూత తీసింది. కషాయం ఇంకా పొగలు కక్కుతోంది. పులిగారు ఆత్రంగా చెయ్యి చాపారు. ఆవిడ కుండను పక్కకు జరిపింది.

"తప్పు కదండీ! దీక్షలో ఉన్నవాళ్లు నోట్లో ఏదైనా వేసుకుంటే దీక్ష భంగం కాదూ? అందరి కడుపూ నిండాక ఆఖరున విరమించాలి. మీ అడవిలో ఎలా చేస్తారండీ?" అని పెద్ద ఏనుగును అడిగింది.

"మా దగ్గరా అంతే తల్లీ."

తెల్లయ్య పులి వైపు చూశాడు. పులి తెల్లయ్య వైపు చూసింది. కాదనాలంటే మాట కావాలి, ఆ మాటే లేదు. దీక్ష అబద్ధమని చెప్పాలంటే తెల్లయ్యకు ధైర్యం కావాలి, అది పుట్టినప్పట్నుంచీ లేదు.

సూరమ్మ గబగబా వేదికెక్కి చిట్టెన్న తల ఒళ్లో పెట్టుకుని, దొన్నె పెదవులకు ఆనించింది. ఒక గుక్క. రెండు. మూడో గుక్కకు ఆయన కళ్లు తెరిచాడు.

"సూరమ్మా..."

"ముందు తాగు, తర్వాత వాగు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

చిట్టెన్న దొన్నె ఖాళీ చేసి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. రోజుకొకటి చొప్పున చిరిగిన సన్మానం శాలువాలన్నీ పోగేసి ఆవిడ ఆయనకు కప్పింది. ఇరవై రోజుల్లో ఆ సన్మానాలు పనికొచ్చింది ఆ ఒక్కసారే. తర్వాత వరస కదిలింది. పొగలు కక్కే దొన్నెలు చేతికందుతుంటే జింకలు చెవులాడించాయి, అడవిపందులు మూతులు కాల్చుకుని మరీ రెండోసారి అడిగాయి.

"అధ్యక్షుల వారు ఇలాగే చల్లగా, నోరు మూసుకుని, నూరేళ్లు ఉండాలి!" అని ఓ ముసలి దుప్పి మనస్ఫూర్తిగా దీవించింది.

"ఈ దీక్ష రోజూ ఉంటుందా తెల్లయ్యగారూ?" అని పెద్ద ఏనుగు అడిగింది. "ఉంటే మా అడవిలోనూ పెట్టిస్తాం."

అంతమంది చూస్తుండగా లేదని ఎలా అంటాడు? "రోజూనండీ. అందరూ తాగేదాకానండీ" అన్నాడు. ఏనుగు ఆ మాట వాళ్ల కార్యదర్శి చేత అక్కడికక్కడే రాయించుకుంది.

అందరూ తాగి, మూతులు తుడుచుకుని, అతిథులతో సహా ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. అప్పుడు సూరమ్మ కుండ అడుగున మిగిలింది దొన్నెలోకి వంచి పులిగారికి ఇచ్చింది. ఇంకా వేడిగానే ఉంది. ఆయన ఒక గుక్క తాగి ఆశ్చర్యపోయారు. ఇన్నాళ్లూ తాను ప్రారంభించింది ఇదని అప్పుడే తెలిసింది. రెండో గుక్కకు గొంతు విడింది. మూడో గుక్కకు గాండ్రింపు వచ్చింది.

"ప్రియమైన అడవి సోదర సోదరీమణులారా!"

మైదానంలో తోరణాలున్నాయి, ఎంగిలి దొన్నెలున్నాయి. చిట్టెన్న శాలువా భుజాన వేసుకుని వాగు వైపు నడుస్తున్నాడు. సూరమ్మ ఖాళీ కుండ చంకన పెట్టుకుని ఆయన వెనకే బయల్దేరింది.

"రేపు మళ్లీ మాట్లాడతాడేమో సూరమ్మా?" అన్నాడు చిట్టెన్న.

"మాట్లాడనీ మావా. మనం తాగేసి ఉంటాంగా."

వెనక పులిగారు గంటన్నర మాట్లాడారు. తెల్లయ్య ఒంటికాలి మీద నిలబడి, 'సభ కిక్కిరిసింది' అని రాసుకున్నాడు.

నీతి: నాయకుడి గొంతు బాగుచెయ్యడం ప్రజల బాధ్యతే, కాకపోతే ఆయన దొన్నె ఆఖరున నింపాలి.