తువ్వాలు కింద ఫ్యాక్టరీ

మా ఆదోనికి ఫ్యాక్టరీ రాకూడదు. ఎమ్మిగనూరుకు అసలే రాకూడదు. ఏటా ఒకసారి వస్తానని చెబితే చాలు.

ఉలిక్కిపడకండి. నేను అభివృద్ధికి శత్రువును కాను. ఆదోని-ఎమ్మిగనూరు పెట్టుబడుల ఆహ్వాన సమితికి ప్రచార కార్యదర్శిని. పైగా రాఘవేంద్ర టెంట్ హౌస్ యజమానిని. ఈ ప్రాంతంలో ఇంతవరకు జరిగిన అభివృద్ధి యావత్తూ నా షామియానా కిందే జరిగింది. షామియానా విప్పగానే అదీ వెళ్లిపోయింది, అది వేరే సంగతి.

వచ్చేసిన ఫ్యాక్టరీ వల్ల ఒరిగేదేమిటో మీరే చెప్పండి. పొగ వస్తుంది. కరెంటు బిల్లు వస్తుంది. కార్మికులు ఒకటో తారీఖున జీతం అడుగుతారు, ఇవ్వకపోతే గేటు ముందు కూర్చుంటారు. అదే రాబోయే ఫ్యాక్టరీ అనుకోండి. పొగ లేదు, సమ్మె లేదు, మురుగునీరు లేదు. కాలుష్యం వాళ్లు వచ్చి శాలువా కప్పి పోవాల్సినంత పరిశుభ్రం!

ఉపాధి మాటేమిటంటారా? రాబోయే ఫ్యాక్టరీ ఇచ్చినంత ఉపాధి వచ్చిన ఫ్యాక్టరీ ఏనాడైనా ఇచ్చిందా? ఫ్లెక్సీ ప్రింటింగు వాడికి పని. శాలువాల కొట్టుకు పని. డ్రోన్ ఎగరేసే కుర్రాడికి పని. ఉగ్గాని, బజ్జీ వేసే బండ్లన్నిటికీ పని. సర్వే నంబరు రాళ్లు చెక్కేవాడికి పని, వాటిని పెరికి వేరేచోట పాతేవాడికి ఇంకొంచెం ఎక్కువ పని. ఇక నా టెంట్ హౌస్ సంగతి నేను చెప్పుకుంటే బాగుండదు.

ఉన్న జిన్నింగ్ మిల్లుల వాళ్లు అప్పుడప్పుడు మా సమితి దగ్గరికి వస్తుంటారు. రోడ్డు గుంతలు పూడ్పించండి, పత్తి లారీలు పక్కకు ఒరుగుతున్నాయి అంటారు. ఎమ్మిగనూరు మగ్గాల వాళ్లు వచ్చి నూలు ధర గురించి ఏదో అంటారు. పాపం, వాళ్లకు అర్థం కాదు. మాది పెట్టుబడులను ఆకర్షించే సమితి. ఉన్నవాళ్లను ఆకర్షించడం ఏమిటి? కట్టుకున్న పెళ్లానికి ఎవరైనా లైను వేస్తారా?

మాకొక వృద్ధి ప్రణాళిక కూడా ఉంది. హైదరాబాదు కన్సల్టెంట్లు ఏసీ కారు దిగకుండా తయారు చేసిన అద్భుతం. అందులో ఆస్పరి రోడ్డు బొమ్మ చూస్తే మీకు కళ్లు తిరుగుతాయి. రెండు పక్కలా కొబ్బరిచెట్లు, పక్కనే ఒక ఏరు, ఏటి ఒడ్డున టోపీ పెట్టుకున్న తెల్లదొరసాని చంటిపిల్లను తోపుడు బండిలో తోసుకుపోతూ ఉంటుంది. మా మే నెల ఎండలో! మానవ వనరులు అనే పేజీలో దేవరగట్టు కర్రల సమరాన్ని కూడా చేర్చారు. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కర్రసాము ముందే వచ్చు కాబట్టి సెక్యూరిటీ గార్డులకు శిక్షణ ఖర్చు మిగులుతుందట. ఇటువంటి బుర్రలు మనకు ఎక్కడ దొరుకుతాయి?

సరే, అసలు కథకు వస్తాను.

పోయినేడు ఎండాకాలంలో ముంబై నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. బట్టల మిల్లు పెడతానన్నాడు. ఆస్పరి రోడ్డు పక్కన చదునుగా ఉన్న నల్లరేగడి చేలు చూపించాం. రోడ్డుకు ఆనుకుని ముందున్నది జయమ్మ చేను. జయమ్మ, ఆమె మొగుడు మద్దయ్య, ఇద్దరూ వానను నమ్ముకుని పత్తి వేసుకునే మనుషులు. ఆ చేనిలోనే నా షామియానా వేశాం. ముందు వరస కుర్చీల కోసం ఆదోని వాళ్లకు, ఎమ్మిగనూరు వాళ్లకు జరిగిన తోపులాట చూసి, ఆ పెద్దమనిషి ఇక్కడి ప్రజల్లో చాలా చురుకుదనం ఉందన్నాడు.

భోజనాల ముందు ఆయన భూమి ధర ఎంత అని అడిగాడు. మా అధ్యక్షుడు సుబ్బరామయ్య గారు పత్తి మండీ యజమాని. అంతమంది విలేకరుల ముందు ధర బయటపెట్టడం ఆయనకు ఇష్టం లేదు. ఖలందర్ వైపు చూసి కళ్లతో సైగ చేశారు.

ఖలందర్ మార్కెట్ యార్డులో దళారి. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల బేరాలు కూడా ఆయన చేతి మీదే తెగుతాయి. ఆ బేరం మీరు చూశారో లేదో. నోటితో ఒక్క మాట ఉండదు. దళారి, కొనేవాడు చేతుల మీద తువ్వాలు కప్పుకుంటారు. కింద వేళ్లు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో వాళ్లిద్దరికే తెలుసు. పక్కనున్న మనిషికి తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనిపించదు. కుదిరితే దళారి తువ్వాలు తీసి కుదిరిందంటాడు. అంతే.

దానికొక కట్టుబాటు ఉంది. బేరం కుదిరిన ఎద్దుకు అమ్మినవాడు మళ్లీ కాడి కట్టకూడదు. కొన్నవాడు వచ్చి తోలుకుపోవాలి, లేదా వాడే స్వయంగా వచ్చి వద్దని చెప్పాలి. అప్పటిదాకా మేత వేయడమే. ఈ కట్టుబాటు తప్పినవాడికి యార్డులో మళ్లీ ఎవడూ చెయ్యి ఇవ్వడు.

జయమ్మ, ఆ పక్క చేల రైతులు ఆ పొద్దున్నే ఖలందర్‌కు మాట ఇచ్చారు, నువ్వు తెంపిన ధరే మా ధర అని. ఖలందర్ వెళ్లి ముంబై ఆయన చెయ్యి పట్టుకుని పైన తన ఎర్రగళ్ల తువ్వాలు కప్పాడు. ఆయన ఇదేదో మా ప్రాంతపు సన్మానం అనుకున్నట్టున్నాడు. ఫోటోగ్రాఫరు వైపు తిరిగి నవ్వుతూ, తువ్వాలు కింద చెయ్యి చాలాసేపు ఊపాడు. ఖలందర్ ముఖం ఒక్కక్షణం అదోలా అయింది. తర్వాత తువ్వాలు తీసి, “కుదిరింది” అన్నాడు.

చప్పట్లు! ఆ చప్పట్లకు నా షామియానా గుంజ ఒకటి పక్కకు ఒరిగింది.

ముంబై ఆయన భోంచేసి, మా జొన్నరొట్టెను మెచ్చుకుని, విమానానికి వెళ్లిపోయాడు. ధర ఎంతో ఎవరికీ తెలియదు. అందులోనే ఉంది మజా! ఆదోని టీకొట్లో ఒక ధర, ఎమ్మిగనూరు టీకొట్లో దానికి రెట్టింపు. దేవనకొండ నుంచి కొందరు వచ్చి ఫ్యాక్టరీని కాస్త తమ వైపు పొడిగించడానికి వీలవుతుందా అని అడిగారు. మా సమితి సభ్యులు కొందరు చుట్టుపక్కల భూములకు అడ్వాన్సులు ఇచ్చుకున్నారు. ఒక్క ఇటుక పడకుండా ఇంత వృద్ధి! ఏ ఆర్థికవేత్త సాధించాడండీ ఇది?

మరి ఆ చేలు?

బేరం కుదిరిన ఎద్దుకు కాడి కట్టకూడదు కదా. బేరం కుదిరిన చేనికి మాత్రం గొర్రు ఎట్లా కడతారు? మావాళ్లు మాట మీద నిలబడే మనుషులు. పోయిన ఏడు ఆ రోడ్డు పొడుగునా ఒక్క గింజ పడలేదు. తుమ్మకంప మొలిచింది. కన్సల్టెంట్లు దాన్ని డ్రోన్‌తో ఫోటో తీసి పచ్చదనం అనే పేజీలో పెట్టుకున్నారు.

పోయిన వారం ముంగారు వాన పడింది. తొలకరి బాగానే కురిసింది. తడిసిన షామియానాలు కొట్టు ముందు ఆరేసుకుంటుంటే జయమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“రాగన్నా, ఆయప్ప వస్తాండాడా, రాడా?”

“వస్తాడు లేమ్మా. ప్లానంతా తయారుగా ఉండాది.”

“ఎప్పుడంటా?”

“అది ప్లాన్‌లో ల్యా.”

ఆమె నా షామియానా అంచు పట్టుకుని నీళ్లు పిండింది. చేతులు ఊరికే ఉండవు కాబట్టి పిండింది, అంతే.

“పోయినేడు ఇత్తనం ఏయల్యా. కూలి పనికని సుగ్గికి పోయినాం. గుంటూరు తట్టు మిరపకాయలు తెంపినాం. మా పాప మనస్విని బాగా సదువుతాండ్య. ఇంటికాడ ఎవరుండారని ఇడిసిపోతాం? బడి మానిపిచ్చి ఎంట తీసకపోయినాం. ఈ ఏడు వాన మొగం సూపిచ్చింది. ఇత్తనం ఏసుకోవల్లా, వద్దా? ఒగ మాట సెప్పు.”

మూడు తరాల టెంటు వ్యాపారంలో నన్నెవరూ ఇంత సూటిగా ప్రశ్న అడగలేదు.

“ఏసుకోమ్మా” అన్నాను.

“నువ్వు సెప్తే యాడ సెల్లుతాదన్నా? కొన్నోడు సెప్పల్ల. రేపు ఆయప్ప వచ్చి, బేరం కుదిరినంక చేను ఎట్ల దున్నినారని అడిగితే? మన ఊర్ల మాట ఏమైతాది?”

మన ఊర్ల మాట! నాకు సిగ్గేసింది. సమితి తీర్మానాల్లో ఊరి పరువు అని నేను ఎన్నోసార్లు రాశాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు.

సాయంత్రం యార్డుకు పోయి ఖలందర్‌ను పట్టుకున్నాను. తువ్వాలు కింద ఆయన ఎంత అన్నాడో చెప్పమన్నాను.

“అది సెప్పగూడదన్నా. ధంధాకు ఇజ్జత్ ఉంటాది” అన్నాడు. నన్ను పత్తి బోరాల చాటుకు తీసుకుపోయాడు. తర్వాత నా చెయ్యి తీసుకుని, పైన తువ్వాలు కప్పి, అయిదు వేళ్లూ కలిపి పట్టుకుని ఊపాడు.

“ఇట్ల సేసినాడు. ఇట్లాంటి ధర మా ధంధాలో ల్యా.”

“మరి కుదిరిందని ఎందుకు సెప్పినావప్పా?”

“ఊరు ఊరంతా నా మొగమే సూస్తాండ్రి. కుదర్లేదని నేనెట్ల సెప్పేది? జయమ్మతో నిన్ననే సెప్పినా, ఇది బేరమే కాదమ్మా అని. దళారి మాట కుదిరినంతవరకే, వద్దనాలంటే కొన్నోడే వద్దనల్ల అని ఆయమ్మే అనె. ఈ మాట ఆయమ్మకు యార్డులో నేర్పిచ్చింది నేనే.”

సుబ్బరామయ్య గారి చేత ముంబైకి ఫోను చేయించాను. ఆ ఆఫీసు అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. మీ ప్రతిపాదన పరిశీలనలో ఉంది అన్నది. పోయిన దసరాకు అడిగితే కూడా ఇదే మాట. వస్తున్నారా అంటే అవుననదు, రావడం లేదా అంటే కాదనదు. సుబ్బరామయ్య గారు సంతోషించి, “సూసినావా, ఇంగా పరిశీలనలోనే ఉండాది” అని కొత్త ఫ్లెక్సీకి ఆర్డరిచ్చారు. ఆయన అడ్వాన్సులు ఆయనవి.

కాబట్టి పాఠకులారా, నేను మొదట చెప్పిన మాటకు చిన్న సవరణ చేస్తున్నాను. ఏటా ఒకసారి వస్తానని కూడా చెప్పనక్కర్లేదు.

ముంబై పెద్దమనిషి గారూ, ఈ కాలమ్‌ను ఎవరైనా మీకు చదివి వినిపిస్తే వినండి. మీ మీద మాకు కోపం లేదు. మిల్లు పెట్టకపోయినా ఫర్వాలేదు. కొబ్బరిచెట్లు, ఏరు, దొరసాని, అన్నీ మీరే ఉంచుకోండి. ఖలందర్ తువ్వాలు కూడా పంపిస్తాం, గుర్తుగా ఉంటుంది. మాకు ఒక్క పెట్టుబడి పెట్టండి చాలు. ఇంతవరకు ఈ ప్రాంతంలో ఎవరూ పెట్టనిది, పైసా ఖర్చు లేనిది. జయమ్మకు ఒక ఫోను చేసి “నేను రాను” అని చెప్పండి. నంబరు నా దగ్గరుంది.

కాస్త త్వరగా చేయండి సార్. చేనిలో పదును ఆరిపోతోంది.